సిరంజిలో ఎన్ని లక్షలు?

తెలంగాణ మెడికల్ కౌన్సిల్ చైర్మన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఏటా వానాకాలం ముగిసే వేళకు హైదరాబాద్‌లో ప్రతి గల్లీకీ ఒక అంకె నోటికొస్తుంది. డెంగీ జ్వరంతో పడుకున్న పిల్లాడి మంచం పక్కన తల్లి పొద్దునా సాయంత్రమూ అడిగేది ఒక్కటే: "కౌంట్ ఎంతుంది?" లక్షా ఇరవై వేలంటే కాస్త ఊపిరి తీసుకుంటుంది. ఎనభై వేలంటే బొప్పాయి ఆకు రసం తయారవుతుంది. ముప్పై వేలంటే చుట్టాలందరికీ ఫోన్లు వెళ్తాయి. ప్లేట్‌లెట్ అనే మాట తెలుగింట్లో చేరింది ఈ జ్వరం పుణ్యమానే. బడి మొహం చూడని అవ్వ కూడా లక్షన్నర పైన ఉంటే భయం లేదని చెప్పగలదు.

అదే అవ్వ మోకాళ్ల నొప్పికి అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్ చేయించుకుందనుకోండి. ఆ సిరంజిలో ఎన్ని ప్లేట్‌లెట్లున్నాయి? ఆమె అడగదు. చెప్పాలని క్లినిక్‌ను అడిగేవాళ్లూ లేరు. జ్వరంలో వెయ్యి తేడాకు నిద్రపోని ఇల్లు, వేల రూపాయలు పోసి ప్లేట్‌లెట్లనే కొనుక్కుంటున్నప్పుడు మాత్రం లెక్క అడగకుండా బిల్లు కట్టి వస్తుంది. ఈ లేఖ ఆ లెక్క గురించే.

పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, మోసమని ఇక్కడెవరూ అనడం లేదు. మహత్తు అనీ అనడం లేదు. మంచి డాక్టర్ల చేతిలో, సరైన రోగికి, సరైన మోతాదులో అది పనికొచ్చే సందర్భాలున్నాయి. కానీ ఆ మోతాదు ఎంతో రోగి చేతికొచ్చే ఏ కాగితం మీదా కనిపించకపోవడమే చిక్కు.

అమీర్‌పేట కూడలి సంగతి తమకు తెలియనిది కాదు. మైత్రీవనం చుట్టుపక్కల జావా, పైథాన్ కోర్సుల కరపత్రాలు చేతిలో పెట్టేవాళ్లు, "డెమో క్లాస్ ఫ్రీ" బ్యానర్లు, హాస్టళ్ల బోర్డులు, వాటి మధ్యనే జుట్టు, చర్మం, కీళ్ల క్లినిక్‌ల బోర్డులు. మెట్రో ఎరుపు, నీలం లైన్లు కలిసేది ఇక్కడే కాబట్టి మియాపూర్ నుంచి, ఎల్బీనగర్ నుంచి, నాగోల్ నుంచి ఎవరు బయల్దేరినా ఈ స్టేషన్లో దిగడం తేలిక. కోర్సు అమ్మే పద్ధతే చికిత్సకూ అంటుకుంది. మొదటి కన్సల్టేషన్ ఉచితం, ఆరు సిట్టింగుల ప్యాకేజీ, ముందే కడితే తగ్గింపు, వాయిదాల సౌకర్యం.

ఒక్క స్టేషన్ దాటితే పంజాగుట్ట. అక్కడి బరువు వేరు. నిజాం ధార్మిక ట్రస్టు సొమ్ముతో కట్టిన నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి 1964లో తలుపులు తెరిచింది అక్కడే. ఎముకల దవాఖానాగా మొదలై, తర్వాత అన్ని విభాగాలనూ కలుపుకొని, 1989లో శాసనసభ చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందిన నిమ్స్ అదే. విరిగిన కాలితో, అరిగిన మోకాలితో జిల్లాల నుంచి బస్సెక్కిన మనిషికి అరవై ఏళ్లుగా దారి చూపిస్తున్న చిరునామా. నిమ్స్ ఓపీ వరసలో విసిగినవాళ్లకూ, "ఆపరేషన్ లేకుండా తగ్గుతుందట" అని ఎవరో చెప్పగా విన్నవాళ్లకూ చుట్టుపక్కల వీధుల్లో బోర్డులు కనిపిస్తాయి.

ఆ బోర్డుల కిందికి వచ్చేవాళ్లు ప్రధానంగా మూడు రకాలు. "గుజ్జు అరిగిపోయింది" అనిపించుకున్న యాభై దాటినవాళ్లు మొదటి రకం. భారతదేశంలో అయిదు ప్రాంతాల్లో జరిపి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో మోకాళ్ల అరుగుదల 28.7 శాతం మందిలో కనిపించింది. అంటే వీళ్లకు కొదవ లేదు. మోచేతి బయటివైపు, మడమ వెనక, భుజం దగ్గర కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు, అంటే టెండన్లు, నొప్పి పెట్టినవాళ్లు రెండో రకం. రోజంతా మౌస్ పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ ఉంటాడు, రోజంతా సుత్తి పట్టుకునే మేస్త్రీ ఉంటాడు. ఇక మూడో రకం, దువ్వెన చూసి గుండె జారిపోయిన కుర్రాళ్లు. ఇంటర్వ్యూ ఒకవైపు, పెళ్లిచూపులు ఒకవైపు, నుదురు వెనక్కి జరగడం ఇంకోవైపు. మొటిమల గుంటలకు వచ్చే అమ్మాయిలనూ ఈ వరసలోనే చేర్చుకోవచ్చు.

అందరికీ చెప్పే మాట ఒకటే: "మీ సొంత రక్తమే కదండీ, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి?"

ఈ మాటకు ఎంత బలముందో చూడాలంటే ముందు ఆ గదిలో జరిగేదేమిటో చూడాలి. చేతి నరం నుంచి రక్తం తీస్తారు. కొన్ని చోట్ల 10 మిల్లీలీటర్లు, కొన్ని చోట్ల 60. గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పుతారు. డెయిరీలో మీగడ తీసే యంత్రం చేసే పనే ఇది. బరువైనది బయటికి, తేలికైనది లోపలికి. ట్యూబు ఆగేసరికి అడుగున ఎర్రకణాలు, పైన లేత పసుపు ప్లాస్మా, రెండింటి మధ్య పలుచని తెల్లటి పొర కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లూ తెల్లకణాలూ పేరుకునేది ఆ పొర దగ్గరే. చాలా పద్ధతుల్లో రెండోసారి తిప్పి ప్లేట్‌లెట్లను మరింత చిక్కబరుస్తారు. చివరికి దక్కేది మూడు నుంచి ఆరు మిల్లీలీటర్ల పసుపు ద్రవం. దాన్నే నొప్పి ఉన్నచోట, లేదా నెత్తి మీద చుక్కచుక్కగా, సూదితో ఎక్కిస్తారు.

ప్లేట్‌లెట్ల పని రక్తం ఆపడం ఒక్కటే కాదు. వాటి కడుపులో చిన్నచిన్న సంచులుంటాయి. గాయం తగిలినచోట అవి పగిలి, కణాలను పిలిచి మరమ్మతు మొదలుపెట్టించే ప్రొటీన్లను, అంటే గ్రోత్ ఫ్యాక్టర్లను, వదులుతాయి. గాయం లేనిచోట కూడా వాటిని గుంపుగా దింపితే మరమ్మతు ఊపందుకుంటుందన్నది పీఆర్‌పీ వెనకున్న ఊహ. ఇందులో మూలకణాలేవీ లేవు. స్టెమ్ సెల్ చికిత్స పేరుతో పీఆర్‌పీని అమ్మేవాళ్లుంటే అది తప్పుడు మాటే.

ఊహ కొత్తది కాదు. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లకు ఎక్కించడానికి రక్త నిపుణులు 1970ల నాటికే ఈ పేరు వాడుతున్నారు. ఇటలీ డాక్టర్లు 1987లో గుండె ఆపరేషన్లలో దీన్ని వాడినట్టు రాశారు. అమెరికాలో దవడ ఎముకకు అతుకు వేసే రాబర్ట్ మార్క్స్ బృందం 1998లో ప్రచురించిన వ్యాసంతో పేరు ఊపందుకుంది. ఆటల మైదానంలోకి వచ్చింది 2009లో. అమెరికా ఫుట్‌బాల్ పెద్ద పోటీ సూపర్ బౌల్‌కు ముందు పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు హైన్స్ వార్డ్ మోకాలికి ఈ ఇంజెక్షన్ తీసుకుని ఆడాడని పత్రికలు రాశాయి. డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2010లో కండరంలోకి ఇచ్చే పీఆర్‌పీని నిషేధించింది. ఆటతీరును పెంచుతుందన్న ఆధారం లేదని 2011లో ఆ నిషేధాన్ని తీసేసింది. ఇక 2013లో ఒక టీవీ తార నెత్తురోడే మొహంతో ఫొటో పెట్టాక "వాంపైర్ ఫేషియల్" లోకమంతా తిరిగింది. దవడ ఎముక దగ్గర మొదలైన చికిత్స పదిహేనేళ్లలో బ్యూటీ పార్లర్ గుమ్మం తొక్కింది.

ఇప్పుడు అసలు లెక్క.

ఆరోగ్యవంతుడి రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లుంటాయి. అయిదు మిల్లీలీటర్ల ద్రవంలో మైక్రోలీటరుకు పది లక్షలుంటేనే పనికొచ్చే పీఆర్‌పీ అని మార్క్స్ 2001లో ఒక గీత గీశాడు. అంటే మొత్తం 500 కోట్లు. భారతీయ వైద్యులు పాలుపంచుకున్న ఒక బృందం 2021లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో 150 మంది మోకాళ్ల రోగుల మీద చేసిన పరిశీలనను ప్రచురించింది. ఏడాది పాటు ఫలితం నిలవాలంటే ఎనిమిది మిల్లీలీటర్లలో 1000 కోట్ల ప్లేట్‌లెట్లు ఉండాలన్నది వాళ్ల తీర్పు.

కాగితం మీద చిన్న గుణకారం చేస్తే చాలు. కౌంట్ రెండు లక్షలున్న మనిషి నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో ఉన్నవే 200 కోట్లు. ఒక్కటీ పోకుండా పట్టినా అంతకు మించి రావు. 1000 కోట్లు కావాలంటే కనీసం 50 మిల్లీలీటర్లు తీయాలి, అదీ ఏదీ వృథా కాకపోతే. ఒక చిన్న ట్యూబు రక్తం తీసి "హై డోస్ పీఆర్‌పీ" అని బిల్లు వేస్తే అది యంత్రం గొప్పతనమూ కాదు, డాక్టర్ హస్తవాసీ కాదు. అక్కడ లెక్కే కుదరదు.

లెక్క రాయని జబ్బు క్లినిక్‌లది మాత్రమే అనుకోవడం అన్యాయం. ఎముకలు, కీళ్ల చికిత్సలో పీఆర్‌పీ మీద వచ్చిన 105 పరిశోధనలను వెతికిన ఒక సమీక్ష 2017లో వెలువడింది. తయారుచేసిన పద్ధతిని పూర్తిగా వివరించినవి పదింట ఒకటే. చివరికి సిరంజిలో చేరిన ద్రవంలో ఏమేం ఎంతెంత ఉందో అంకెల్లో చెప్పినవి 16 శాతం. పరిశోధకులే రాయనప్పుడు వీధి క్లినిక్ రాస్తుందని ఎలా ఆశిస్తాం? పీఆర్‌పీ పనిచేస్తుందా లేదా అన్న తగాదా తెగకపోవడానికి సగం కారణం ఇదే. ఒకరు పెట్టింది చిక్కటి పాలు, ఇంకొకరు పెట్టింది నీళ్ల మజ్జిగ, రెండింటికీ పేరు మాత్రం ఒకటే.

మోకాలి సంగతే తీసుకుంటే, చండీగఢ్ పీజీఐ వైద్యులు 2013లో ప్రచురించిన పరీక్ష మన దేశంలో చెప్పుకోదగ్గది. 78 మంది, రెండు మోకాళ్లూ నొప్పివాళ్లు. కొందరికి ఒక పీఆర్‌పీ ఇంజెక్షన్, కొందరికి మూడు వారాల తేడాతో రెండు, కొందరికి ఉప్పునీరు. పీఆర్‌పీ తీసుకున్నవాళ్లకు ఉప్పునీటి వాళ్లకంటే స్పష్టంగా మెరుగైంది, కానీ ఆరో నెలకల్లా ఆ మేలు కొంత తగ్గుముఖం పట్టింది. ప్యాకేజీలు కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన ముక్క ఇంకొకటుంది. ఒక ఇంజెక్షన్ ఎంత పనిచేసిందో రెండూ అంతే పనిచేశాయి.

తర్వాత ఆస్ట్రేలియాలో 288 మంది మీద ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. దాని ఫలితం 2021 నవంబరులో జామా పత్రికలో వచ్చింది. వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు, ఏడాది తర్వాత లెక్క. పదికి కొలిచే నొప్పి పీఆర్‌పీ వాళ్లలో 2.1 తగ్గింది, ఉప్పునీటి వాళ్లలో 1.8 తగ్గింది. ఆ కాస్త తేడాను తేడాగా లెక్కించలేమని తేల్చారు. ఎమ్మారైలో చూస్తే రెండు వర్గాల్లోనూ మృదులాస్థి కాస్త తరిగింది. "గుజ్జు మళ్లీ పెరుగుతుంది" అని చెప్పే బోర్డులకు ఈ పరీక్ష ఏ ఆధారమూ ఇవ్వదు. ఆ పరీక్షలో వాడిన ద్రవంలో ప్లేట్‌లెట్లు చాలలేదని పీఆర్‌పీని సమర్థించేవాళ్లు వాదించారు. వాదన సబబే కావచ్చు. అదే నిజమైతే, అంత జాగ్రత్తగా చేసిన పరీక్షలోనే మోతాదు చాలకపోయి ఉంటే, లెక్కే పెట్టని చోట చాలిందని ఎవరు హామీ ఇస్తారు?

టెండన్ల దగ్గరా ఇదే తడబాటు. నెదర్లాండ్స్‌లో 100 మంది మోచేతి నొప్పివాళ్ల మీద 2010లో ప్రచురించిన పరీక్షలో ఏడాది తర్వాత నొప్పి బాగా తగ్గినవాళ్లు పీఆర్‌పీలో 73 శాతం, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌లో 49 శాతం. పీఆర్‌పీకి అది పెద్ద విజయం. పోలిక స్టెరాయిడ్‌తో కాక ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పెట్టిన పరీక్షలన్నిటినీ కలిపి 2021లో కాక్రేన్ సమీక్ష చూస్తే, మోచేతికి పీఆర్‌పీ వల్ల బహుశా ప్రత్యేకమైన మేలేమీ లేదని తేలింది. మడమ వెనక టెండన్‌కు 2010లో 54 మంది మీద, 2021లో 240 మంది మీద చేసిన పరీక్షలూ అదే చెప్పాయి. జుట్టు విషయంలో చిన్నచిన్న పరీక్షలు కొంత ఆశ పుట్టించాయి. వంశపారంపర్యంగా పలచబడుతున్న జుట్టు కొన్ని నెలల పాటు ఒత్తుగా కనిపించిందని చాలామంది పరిశోధకులు రాశారు. కానీ కుదుళ్లు పూర్తిగా పోయిన నున్నటి నెత్తి మీద పీఆర్‌పీ జుట్టు మొలిపించదు. ఆ కుర్రాడికి ఇంజెక్షన్ కంటే ముందే ఈ మాట చెప్పాలి.

"సొంత రక్తమే కదా" అన్న మాటకు తిరిగి వద్దాం. రక్తం సొంతదే. సూది, ట్యూబు, గది, చెయ్యి మాత్రం ఎదుటివాళ్లవి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, ఆల్బకర్కీ ఊళ్లో లైసెన్సు లేని ఒక స్పాలో వాంపైర్ ఫేషియల్ చేయించుకున్న ఒక మహిళకు 2018లో హెచ్ఐవీ బయటపడింది. ఆమె జీవితంలో వేరే కారణమేదీ దొరకలేదు. అధికారులు వెళ్లి చూస్తే వంటగది బల్ల మీద పేర్లు రాయని రక్తపు ట్యూబులు, ఫ్రిజ్‌లో తిండి పక్కనే మరికొన్ని, సొరుగుల్లో కవరు విప్పిన సిరంజిలు. ఆ స్పా వల్ల ముగ్గురు మహిళలకు హెచ్ఐవీ సోకి ఉంటుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. సౌందర్య ఇంజెక్షన్ల ద్వారా హెచ్ఐవీ సోకినట్టు నమోదైన మొదటి సంఘటన అది. ఒకరి రక్తం ఇంకొకరికి వెళ్లిందో, సూదులు మళ్లీ వాడారో, ఏదైనా కావచ్చు. పేరు రాయని ట్యూబు ముందు "మీ సొంత రక్తమే" అన్న మాటకు సాక్ష్యమేముంది?

మన దగ్గర బ్లడ్ బ్యాంకు నుంచి ప్లేట్‌లెట్ల సంచి వస్తే దాని మీద గ్రూపు, సేకరించిన తేదీ, గడువు, హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి పరీక్షల వివరం ఉంటాయి. ఉండాలని డ్రగ్స్ రూల్స్ శాసిస్తాయి. సుమారు 22 డిగ్రీల దగ్గర, నిత్యం ఊపుతూ, అయిదు రోజులే నిల్వ ఉంచాలన్నంత కట్టుదిట్టం. అదే రక్తం నుంచి అదే ప్లేట్‌లెట్లను క్లినిక్ వెనక గదిలో తీస్తే ఒక చీటీ కూడా అంటించకుండా పని జరిగిపోవచ్చు. మందు సీసా మీద బట్టతల తగ్గిస్తానని రాసుకోవడానికి డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె ఒప్పుకోదు. పీఆర్‌పీకి సీసా లేదు, లేబుల్ లేదు, కాబట్టి ఆ మాట గోడ మీదికి ఎక్కింది.

కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదన్నదే ఈ లేఖలో ముఖ్యమైన ముక్క. డాక్టర్ల నడవడి మీద 2002లో వచ్చిన నియమావళి ఇప్పటికీ అమల్లో ఉంది. 2023లో తెచ్చిన కొత్త నిబంధనలను జాతీయ మెడికల్ కమిషన్ కొద్దిరోజులకే పక్కన పెట్టింది కాబట్టి పాతదే దిక్కు. ఆ నియమావళి ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనిపించాలి, మందుచీటీ మీదా రసీదు మీదా ఉండాలి. రికార్డులు మూడేళ్లు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అన్నిటికన్నా పదునైనది 6.5 నిబంధన. కూర్పు ఏమిటో తనకే తెలియని రహస్య ఔషధాన్ని డాక్టరు ఇవ్వడం అనైతికం, నిషిద్ధం. నాటు మందుల పొట్లాలను దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యం లాగే ఉంటుంది. కానీ ప్లేట్‌లెట్లు ఎన్నో, తెల్లకణాలు ఉన్నాయో లేవో లెక్కపెట్టకుండా మోకాల్లోకి ఎక్కించే పసుపు ద్రవం కూర్పు తెలిసిన మందు ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు కౌన్సిల్ ఒక్కసారి లిఖితపూర్వకంగా జవాబిస్తే సగం పని అయిపోయినట్టే.

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్టరైన ప్రతిచోటా చికిత్సల ధరలు ఇంగ్లిష్‌లోనూ స్థానిక భాషలోనూ అందరికీ కనిపించేలా రాయాలి. సౌందర్య చికిత్సలు ఎవరు చేయవచ్చో జాతీయ మెడికల్ కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని అందులో స్పష్టంగా చెప్పింది. 2024 నుంచి కౌన్సిల్ బృందాలే నకిలీ వైద్యుల మీద తనిఖీలు చేసి కేసులు పెట్టిస్తున్నాయి. మెచ్చుకోవాల్సిన పనే. అయితే ఆ తనిఖీలు అడుగుతున్నది "డిగ్రీ ఉందా?" అని. డిగ్రీ ఉన్నచోట కూడా "కౌంట్ ఎంత?" అని అడగాలన్నది ఇప్పటి విన్నపం.

కోరేది ఒక చీటీ. పీఆర్‌పీ చేసిన ప్రతిసారీ రోగి చేతికి తెలుగులోనో, ఉర్దూలోనో, ఆ మనిషికి అర్థమయ్యే భాషలోనో ఇచ్చే ఒక్క పేజీ. అందులో ఎంత రక్తం తీశారు, రోగి రక్తంలో కౌంట్ ఎంత, సిరంజిలో కౌంట్ ఎంత, మొత్తం ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించారు, తెల్లకణాలు ఉంచారా తీశారా, ఏ కంపెనీ కిట్, దాని బ్యాచ్ నంబరు ఏమిటి, ట్యూబు మీద పేరు రాసింది ఎవరు, సూది పెట్టిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎంత వసూలు చేశారు అన్నవి ఉండాలి. వెనకవైపు నాలుగు వాక్యాలు చాలు. ఈ జబ్బుకు పీఆర్‌పీ మీద పెద్ద పరీక్షలు ఏం చెప్పాయి, దీనికి ముందు ప్రయత్నించాల్సిన వ్యాయామం, బరువు తగ్గడం, మందులు ఏవి, ఎప్పుడు భయపడి తిరిగి రావాలి, ఎవరికి ఫిర్యాదు చేయాలి.

చీటీ నింపాలంటే డాక్టరు అడగక తప్పని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పొద్దున మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని మింగి వచ్చారా? అలాంటి నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. గుండెకు స్టెంట్ వేసి ఆస్పిరిన్ వాడుతున్నారా? వాడుతుంటే గుండె డాక్టరును అడగకుండా ఈ ఇంజెక్షన్ కోసం ఆ మాత్ర మానేయడం ప్రమాదం. మొన్ననే డెంగీ వచ్చి తగ్గిందా? ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందా? క్యాన్సర్ చికిత్స జరుగుతోందా? ఇవేవీ అడగకుండా ట్యూబు తిప్పే చోట చీటీలోని గళ్లు ఖాళీగానే కనిపిస్తాయి. తనిఖీకి వెళ్లినవాళ్లకు ఆ ఖాళీ చాలు.

అభ్యంతరాలు వస్తాయి, అవి పూర్తిగా వట్టివి కావు. ప్రతి సిరంజికీ కౌంట్ తీయాలంటే ఖర్చు పెరుగుతుందంటారు. మామూలు రక్త పరీక్ష యంత్రానికి కొన్ని చుక్కలు, కొద్ది నిమిషాలు చాలు. అమీర్‌పేటలో డయాగ్నొస్టిక్ సెంటర్ లేని సందు వెతికితే గానీ దొరకదు. చిక్కటి పీఆర్‌పీని మామూలు యంత్రం సరిగ్గా లెక్కించదు, పలుచన చేసి లెక్కించాలంటారు. నిజమే, ఆ పద్ధతిని కౌన్సిలే రాసి ఇవ్వవచ్చు. కాగితాల బెడద పెడితే జనం కాగితాలే లేని నకిలీల దగ్గరికి పోతారన్నది మూడోది, అన్నిటికన్నా ఆలోచించాల్సింది. దానికి విరుగుడు చీటీని దాచిపెట్టడం కాదు, జనానికి దాన్ని పరిచయం చేయడం. డెంగీ కౌంట్ అడగడం జనానికి ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. రిపోర్టు మీద అంకె కనబడింది, అడగడం అలవాటైంది.

మొదలుపెట్టడానికి చోటు కూడా దగ్గర్లోనే ఉంది. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఎముకల విభాగమూ, రక్తమార్పిడి విభాగమూ, పరిశోధనా అనుభవమూ ఒకే ప్రాంగణంలో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. చీటీ నమూనాను, లెక్కించే పద్ధతిని ఆ వైద్యుల చేత రాయించి, ఆర్నెల్లు అక్కడే వాడి చూసి, తర్వాత నగరానికి విస్తరించవచ్చు. పేర్లు తీసేసిన చీటీలు ఒకచోట చేరితే రెండేళ్లలో మన రోగుల మీద, మన మోకాళ్ల మీద, ఎంత మోతాదుకు ఎంత మేలో చెప్పే లెక్క మన చేతికొస్తుంది. కింద కూర్చునే, పీట మీద వంట చేసే, గుడి మెట్లెక్కే మోకాళ్ల గురించి ఆస్ట్రేలియా లెక్కలతో సరిపెట్టుకునే అవసరం తగ్గుతుంది. రక్తపు వ్యర్థాలు ఎటు పోతున్నాయో చూడాల్సిన కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం ఆ పక్కనే సనత్‌నగర్‌లో ఉంది. క్లినిక్‌ల రిజిస్ట్రేషన్ చూసే జిల్లా వైద్యాధికారి ఇదే నగరంలో ఉన్నారు. కౌన్సిల్, మండలి, వైద్యాధికారి కలిసి ఒక్క రోజు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే సరిపోయేంత దూరం.

కోఠిలోని కౌన్సిల్ కార్యాలయానికి పంజాగుట్ట నుంచి మెట్రో ఎక్కితే ఏడో స్టేషన్లో, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగాలి. ఈ లేఖ ప్రతిని, చీటీ నమూనాను అక్కడ ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి రసీదు తీసుకుంటాను. నమూనాలో "సిరంజిలో కౌంట్" అన్న గడిని మిగతావాటికంటే కాస్త పెద్దగా గీశాను, కళ్లజోడు మరిచిపోయి వచ్చిన అవ్వకు కూడా కనిపించేలా.

ఇట్లు,
పంజాగుట్ట చౌరస్తా దాటి రోజూ పనికి వెళ్లే ఒక పాత్రికేయుడు